మీ పల్స్‌కి మీ లెక్క: నడకలో, పరుగులో గుండె వేగం ఎంత ఉండాలో తేల్చుకోవడం ఎలా?

ఒడిశాలోని పర్లాకిమిడిలో సీతాసాగర్ చెరువు గట్టున పొద్దున్నే నడిచేవాళ్లలో కొత్తగా స్మార్ట్ వాచీ కొన్నవాళ్లను ఇట్టే గుర్తుపట్టొచ్చు. నాలుగు అడుగులకోసారి మణికట్టు చూసుకుంటారు. 120 కనబడితే నింపాదిగా నడుస్తారు, 150 కనబడితే టెన్షన్ పడి ఆగిపోతారు. ఆ 150 ఇరవై రెండేళ్ల కుర్రాడికి ఓ మోస్తరు పరుగు. అరవై ఎనిమిదేళ్ల పెద్దాయనకు అది దాదాపు ఆఖరి హద్దు. మీకు ఏమిటన్నది వాచీకి తెలియదు. దానికి తెలిసిందల్లా మీరు ఫోన్‌లో కొట్టిన పుట్టిన తేదీ.

కాబట్టి ఆ లెక్క మీరే కట్టుకోండి. ఒక కాగితం, సెకన్లు చూపించే గడియారం, మీ రెండు వేళ్లు చాలు. వాచీ ఉంటే మంచిదే, లేకపోయినా పని ఆగదు. ఎక్కాలు వచ్చినవాళ్లెవరైనా చేసుకోగలిగిన లెక్క ఇది. అసలు పని దాని తర్వాత ఉంటుంది. లెక్కలో వచ్చిన అంకె ఒక అంచనా మాత్రమే కనుక, దాన్ని మీ ఒంటితో సరిచూసుకోవాలి. చాలామంది లెక్క దగ్గరే ఆగిపోతారు.

లెక్కకు ముందు: ఎవరు డాక్టర్‌తో మాట్లాడాలి

నడిచినప్పుడు ఛాతీలో పట్టేసినట్టుండటం, నొప్పి ఎడమ చేతికో దవడకో పాకడం, కళ్లు తిరిగి పడిపోవడం, పల్స్ లయ తప్పి కొట్టుకోవడం, వీటిలో ఏది ఉన్నా ఈ వ్యాసం పక్కన పెట్టి ముందు డాక్టర్‌ని కలవండి. స్టెంట్ వేయించుకున్నవాళ్లు, గర్భిణులు, చాలా ఏళ్లుగా షుగర్ ఉన్నవాళ్లు కూడా అంతే. షుగర్ ఎక్కువ కాలం ఉంటే గుండెకు వెళ్లే నరాలు దెబ్బతిని, పల్స్ కష్టానికి తగ్గట్టు పెరగకపోవచ్చు, నొప్పి కూడా తెలియకపోవచ్చు.

తర్వాత మీరు వేసుకునే మాత్రల అట్ట తీసి పేరు చదవండి. మెటోప్రొలాల్, అటెనొలాల్, బిసోప్రొలాల్, నెబివొలాల్, ప్రొప్రనొలాల్ లాగా పేరు చివర ‘లాల్’ అని ఉంటే అది సాధారణంగా గుండె వేగాన్ని తగ్గించే మందు. బీపీకే కాదు, ప్రొప్రనొలాల్‌ను మైగ్రేన్‌కీ, చేతుల వణుక్కీ కూడా రాస్తారు. ‘నాకు గుండె జబ్బేం లేదు కదా’ అనుకునేవాళ్ల దగ్గర కూడా ఆ అట్ట ఉండొచ్చన్నమాట. డిల్టియాజెమ్, వెరాపమిల్, ఇవాబ్రడిన్ కూడా వేగాన్ని తగ్గిస్తాయి. బీపీకి ఎక్కువమంది వాడే ఆమ్లోడిపిన్ మాత్రం అలా తగ్గించదు. వేగం తగ్గించే మందు వాడేవాళ్లకు కింద చెప్పే వయసు లెక్కలేవీ పనికిరావు. మీరెంత కష్టపడినా పల్స్ ఆ అంకెకు చేరదు, చేరాలని పట్టుబడితే ఒళ్లు హూనమవుతుంది. అలాగని లెక్క కోసం మాత్ర ఆపేయకండి, హఠాత్తుగా ఆపడం ప్రమాదం. మీకు కావలసింది కింద వచ్చే మాట-పాట పద్ధతి. నేరుగా అక్కడికి వెళ్లిపోండి.

మన వైపు ప్రత్యేకంగా చెప్పుకోవలసింది ఇంకొకటి ఉంది. ఒడిశా దక్షిణ, పశ్చిమ జిల్లాల్లో సికిల్ సెల్ జబ్బు (ఎర్ర రక్తకణాలు కొడవలిలా వంగిపోయే, తల్లిదండ్రుల నుంచి వచ్చే జబ్బు) ఎక్కువ. 2023లో కేంద్రం మొదలుపెట్టిన సికిల్ సెల్ నిర్మూలన మిషన్‌లో ఒడిశా కూడా ఉంది. జబ్బు ఉన్నవాళ్లు డాక్టర్ చెప్పిన మేరకే వ్యాయామం చేయాలి. జబ్బు లేకుండా దాని జన్యువును మాత్రం మోస్తున్నవాళ్లు (సికిల్ సెల్ ట్రెయిట్) మామూలుగా నడవచ్చు, ఆడొచ్చు, పరిగెత్తొచ్చు. కానీ ఎండలో, నీళ్లు తాగకుండా, అలవాటు లేని శరీరంతో ఒక్కసారిగా ప్రాణం పెట్టి పరిగెత్తడం వీళ్లకు ప్రాణాంతకం కావచ్చు. పోలీసు, సైన్యం సెలక్షన్లకు తయారయ్యే కుర్రాళ్లు ఒకసారి రక్త పరీక్ష చేయించుకోవడం తెలివైన పని. మలేరియా వచ్చి తగ్గినవాళ్లు, రక్తహీనత ఉన్న ఆడవాళ్లు కూడా గుర్తుంచుకోండి: రక్తం తక్కువైతే అదే నడకకు గుండె ఎక్కువసార్లు కొట్టుకుంటుంది. ముందు హిమోగ్లోబిన్ సంగతి చూసుకోవాలి.

మొదటి పని: విశ్రాంతిలో పల్స్ పట్టుకోవడం

పొద్దున్నే మెలకువ రాగానే, టీ తాగకముందు, ఫోన్‌లో వార్తలు చూడకముందు చూడాలి. బాత్రూమ్‌కి వెళ్లాల్సి వస్తే వెళ్లొచ్చి, ఐదు నిమిషాలు మళ్లీ పడుకోండి. చూపుడు వేలు, మధ్య వేలు కలిపి, రెండో చేతి మణికట్టు మీద బొటనవేలి వైపున్న పల్లంలో ఆనించండి. బొటనవేలితో చూడొద్దు. దానిలో కొట్టుకునే నాడి మీ లెక్కలో కలిసిపోతుంది. గట్టిగా నొక్కితే నాడి అందదు, ఆనీ ఆనకుండా పెట్టాలి.

నిండు నిమిషం లెక్కపెట్టండి. మూడు నాలుగు రోజులు చూసి సగటు తీసుకోండి. పొద్దున లేవగానే చుట్ట వెలిగించేవాళ్లు, పళ్లకు గుడాఖు పెట్టుకునేవాళ్లు అది కాకముందే చూడాలి. పొగాకు పల్స్‌ని పైకి లాగుతుంది. జ్వరం ఉన్న రోజు, నిద్ర లేని రోజు లెక్కలోకి తీసుకోవద్దు.

కోవిడ్ రోజుల్లో కొన్న ఆక్సీమీటర్ చాలా ఇళ్లలో బీరువాలో పడి ఉంది. దాన్ని తీసి వాడుకోవచ్చు. అది రెండు అంకెలు చూపిస్తుంది: ఒకటి ఆక్సిజన్ శాతం, రెండోది పల్స్. 98 అని చూసి ‘బాబోయ్, నా పల్స్ తొంభై ఎనిమిదా!’ అని కంగారుపడినవాళ్లు ఉన్నారు. శాతం గుర్తు ఉన్నది ఆక్సిజన్. చేతికి పట్టీ చుట్టే డిజిటల్ బీపీ మిషన్‌లో కూడా మూడో అంకె పల్సే. ఇవి రెండూ కదలకుండా కూర్చున్నప్పుడే పనికొస్తాయి. నడుస్తూ ఆక్సీమీటర్ పెట్టుకుంటే అది చెప్పేదానికి అర్థం ఉండదు.

పెద్దవాళ్లకు విశ్రాంతిలో 60 నుంచి 100 మధ్య ఉండటం మామూలు. బాగా పరుగు అలవాటున్నవాళ్లకు 50 దాకా, ఒక్కోసారి ఇంకా కిందికి కూడా ఉంటుంది. పొలం పని చేసేవాళ్లలో 60 దగ్గర ఉంటే ఆశ్చర్యపోనక్కర్లేదు. మందులేమీ లేకుండానే రోజూ 100 దాటుతున్నా, లేదా పల్స్ తక్కువగా ఉండి కళ్లు తిరుగుతున్నా డాక్టర్‌కి చూపించండి.

రెండో పని: గరిష్ఠ వేగం అంచనా

ఇక ఒక్క అడుగు కూడా వేయలేను అన్నంతవరకు కష్టపడినప్పుడు గుండె నిమిషానికి ఎన్నిసార్లు కొట్టుకుంటుందో అది మీ గరిష్ఠ వేగం. ఇది వ్యాయామం చేస్తే పెరిగేది కాదు. వయసుతో పాటు నెమ్మదిగా తగ్గుతుంది. మీ తోడల్లుడికి 185, మీకు 165 ఉంటే ఆయన గుండె గట్టిది, మీది బలహీనమైనది అని కాదు. మనిషి మనిషికి ఎత్తు వేరుగా ఉన్నట్టే ఇదీను.

అందరికీ తెలిసిన సూత్రం 220లోంచి వయసు తీసేయడం. జిమ్ గోడల మీద, ట్రెడ్‌మిల్ మీద అంటించే పట్టికలన్నీ ఎక్కువగా దీన్నుంచి వచ్చినవే. ఇది ప్రత్యేకంగా ఒక పరిశోధన చేసి తేల్చింది కాదు. 1971లో అమెరికాలో ఫాక్స్, నాటన్, హాస్కెల్ అనే ముగ్గురు, అప్పటికి అచ్చయిన కొన్ని అధ్యయనాల అంకెలను గ్రాఫ్ మీద పెట్టి, వాటి మధ్యగా పోయే గీతను ఉజ్జాయింపుగా చెప్పారు. గుర్తుంచుకోవడం తేలిక కాబట్టి అది లోకమంతా పాకిపోయింది. యాభై ఏళ్లు దాటినా ఇంకా ఏలుతోంది.

2001లో తనాకా, మోనహాన్, సీల్స్ అనేవాళ్లు 351 అధ్యయనాల్లోని 18,712 మంది లెక్కలు కలిపి చూసి వేరే సూత్రం ఇచ్చారు. వయసును 0.7తో గుణించి 208లోంచి తీసేయాలి. నోటితో చేయడానికి ఒక సులువు ఉంది: వయసును ఏడుతో గుణించి చివరి అంకె వదిలేయండి. యాభై రెండేళ్లవాళ్లకు 52ని ఏడుతో గుణిస్తే 364, చివరి 4 వదిలేస్తే 36. 208లో 36 పోతే 172. పాత సూత్రంలో అయితే 168 వచ్చేది.

నలభై ఏళ్ల దగ్గర రెండు సూత్రాలూ 180 దగ్గరే కలుస్తాయి. అక్కడి నుంచి దారులు విడిపోతాయి. అరవై ఐదేళ్లకు పాత లెక్క 155 అంటే కొత్తది 162 లేదా 163 అంటుంది. అంటే పాత సూత్రం పెద్దవయసు వాళ్లను ఉన్నదానికన్నా తక్కువ చేసి చూస్తుంది, కుర్రాళ్లను కొంచెం ఎక్కువ చేసి చూస్తుంది. రిటైరయ్యాక నడక మొదలుపెట్టినవాళ్లు ‘వాచీ ఎర్రగీత చూపిస్తోంది’ అని భయపడటానికి చాలాసార్లు కారణం ఇదే.

ఆడవాళ్ల కోసం షికాగోలో 5,437 మందిని పరీక్షించి 2010లో ఇంకో సూత్రం చెప్పారు: 206లోంచి, 0.88తో గుణించిన వయసు తీసేయాలి. యాభై రెండేళ్ల ఆవిడకు ఇది 160 అవుతుంది. 2013లో నార్వేలో 3,320 మంది మీద చూసినవాళ్లు 211లోంచి, 0.64తో గుణించిన వయసు తీసేయమన్నారు. అదే వయసుకు అక్కడ 178 వస్తుంది, అదీ ఆడా మగా తేడా లేకుండా. ఒకే మనిషికి 160, 168, 172, 178!

ఏది నమ్మాలి? నన్నడిగితే 208 సూత్రం తీసుకుని మొదలుపెట్టండి. ఎందుకంటే ఏ సూత్రం తీసుకున్నా, ఒక్కో మనిషి దగ్గరకు వచ్చేసరికి పది అటూ ఇటూ తేడా ఉంటుంది. సుమారు మూడింట రెండు వంతుల మందికి అంచనా పది లోపు తేడాతో సరిపోతుంది. మిగిలినవాళ్లకు అంతకన్నా తప్పుతుంది, కొందరికి ఇరవై దాకా కూడా. 172 అని వచ్చిన వ్యక్తి అసలు గరిష్ఠం 155 కావచ్చు, 188 కూడా కావచ్చు. సూత్రాల మధ్య తగువుకన్నా ఈ తేడా పెద్దది. కాగితం మీద 172 అని ఒక్క అంకె రాయకుండా, ‘172, పది అటూ ఇటూ’ అని రాసుకోండి.

మూడో పని: మీరు నడవాల్సిన మధ్య పట్టీ

గరిష్ఠంలో 64 నుంచి 76 శాతం అయితే ఓ మోస్తరు వ్యాయామం, 77 నుంచి 93 శాతం అయితే తీవ్ర వ్యాయామం అన్నది ఎక్కువగా వాడే కొలత. 172కి 64 శాతం 110, 76 శాతం 131. ఇంతే కావాలంటే ఇక్కడ ఆగొచ్చు.

కానీ పొద్దున లెక్కపెట్టిన విశ్రాంతి పల్స్ ఊరికే పోకూడదు. ఫిన్లాండ్ శాస్త్రవేత్త మార్టీ కార్వోనెన్, ఆయన తోటివాళ్లు 1957లో చూపిన దారి ఇది: గరిష్ఠంలోంచి విశ్రాంతి పల్స్ తీసేయాలి. మిగిలింది మీ గుండె దగ్గర ఖర్చుపెట్టడానికి ఉన్న నిల్వ. ఆ నిల్వలో 40 నుంచి 59 శాతం తీసి, విశ్రాంతి పల్స్‌కి కలపాలి. అలా వచ్చిన రెండు అంకెల మధ్య మేర మీ మోస్తరు పట్టీ. 60 శాతం నుంచి 89 దాకా తీవ్రం.

యాభై రెండేళ్ల ముగ్గురిని తీసుకోండి. ముగ్గురికీ గరిష్ఠ అంచనా 172.

విశ్రాంతి పల్స్ 72 ఉన్నాయనకు నిల్వ సరిగ్గా వంద. 40 కలిపితే 112, 59 కలిపితే 131. శాతం లెక్కకు, దీనికి పెద్దగా తేడా లేదు.

కాశీనగర్ వైపు పొలం చేసుకునే ఆయనకు విశ్రాంతిలో 60. నిల్వ 112. ఆయన పట్టీ 105 నుంచి 126.

కొట్లో గల్లాపెట్టె దగ్గర రోజంతా కూర్చునే ఆయనకు విశ్రాంతిలోనే 84. నిల్వ 88. ఆయన పట్టీ 119 నుంచి 136. శాతం లెక్క నమ్మి 110 దగ్గర నడిస్తే, మంచం మీద ఉన్నప్పటికన్నా 26 మాత్రమే ఎక్కువ. గంట నడిచినా చెమట పట్టదు, ‘నడుస్తున్నా ఏం మారలేదు’ అంటాడు.

మీ లెక్క ఇలాగే వేసి, రెండు అంకెలు కాగితం మీద పెద్దగా రాసుకోండి. దశాంశాల జోలికి పోవద్దు.

నాలుగో పని: మాట రావాలి, పాట రాకూడదు

ఇదే అన్నిటికన్నా ముఖ్యమైన మెట్టు. కాగితం మీది అంకె మీ ఒంటికి సరిపోతుందో లేదో ఇక్కడ తేలుతుంది.

ఎగుడుదిగుడు లేని దారి ఎంచుకోండి. మహేంద్రతనయ ఒడ్డున చదును బాట అయినా, ఊరి స్కూల్ గ్రౌండ్ అయినా సరే. పది నిమిషాలు నింపాదిగా నడిచి ఒంట్లో వేడి పుట్టాక, పల్స్ పట్టీలోకి వచ్చేదాకా వేగం పెంచండి. అదే వేగంతో కనీసం ఐదు నిమిషాలు నడవాలి. వెంటనే చూస్తే పల్స్ ఇంకా కుదురుకోదు. అప్పుడు పక్కనున్నవాళ్లతో మాట్లాడండి. వాక్యం మొత్తం, మధ్యలో ఆగకుండా రావాలి. తర్వాత మీకు బాగా వచ్చిన పాట పల్లవి ఎత్తుకోండి. దమ్ము చాలక తెగిపోవాలి.

మాట వస్తోంది, పాట రావడం లేదు అంటే మీరు మోస్తరు పట్టీలో ఉన్నారు. పాట కూడా హాయిగా వస్తే ఇంకా తేలిక నడకే. ‘ఏటి మావయ్యా, ఒగరుస్తన్నావు?’ అని మేనల్లుడు అడిగితే ‘ఏం... లేదురా... పద’ అని ముక్కలు ముక్కలుగా జవాబు వస్తుంటే తీవ్రంలోకి వెళ్లిపోయారు.

ఇప్పుడు ఒంటిని, కాగితాన్ని పక్కపక్కన పెట్టండి. పట్టీ పై అంచు 131 దగ్గర కూడా పాట ధారాళంగా వస్తుంటే, మీ అసలు గరిష్ఠం అంచనాకన్నా ఎక్కువై ఉండొచ్చు. పట్టీని ఐదు పైకి జరపండి. వారం నడిచి మళ్లీ చూడండి. కింది అంచు 112 దగ్గరే మాట తెగిపోతుంటే ఐదు కిందికి దించండి. అలా రెండుసార్లు దించినా ఆయాసం తగ్గకపోతే అది లెక్క తప్పు కాకపోవచ్చు. రక్తహీనత, థైరాయిడ్, ఉబ్బసం, గుండె, ఇలా ఏదైనా ఉండొచ్చు. పరీక్ష చేయించుకోవాలి. ఇక్కడ మొండితనం పనికిరాదు.

వేగం తగ్గించే మాత్రలు వేసుకునేవాళ్లకు అంకెలతో పని లేదు, ఈ మాట-పాటే వాళ్ల కొలత. దానికి తోడు, ఊరికే కూర్చోవడం సున్నా, చేయగలిగినంతా చేయడం పది అనుకుని మీ కష్టానికి మీరే మార్కు వేసుకోండి. ఐదు, ఆరు దగ్గర ఉంటే మోస్తరు. ఏడు, ఎనిమిది అయితే తీవ్రం.

వాచీ లేనివాళ్లు నడుస్తూ పల్స్ లెక్కపెట్టాలని చూడకండి. ఆగండి, వెంటనే వేళ్లు పెట్టండి, 15 సెకన్లు లెక్కపెట్టి నాలుగుతో గుణించండి. ఆగాక పల్స్ త్వరగా పడిపోతుంది కాబట్టి నిమిషం నిండా చూస్తే తక్కువ వస్తుంది. ఎక్కం గోల వద్దనుకుంటే ముందే మీ పట్టీని నాలుగుతో భాగించి పెట్టుకోండి: 112 నుంచి 131 అంటే 15 సెకన్లలో 28 నుంచి 33. మెడ దగ్గర చూసే అలవాటుంటే ఒక పక్కే, మెల్లగా ఆనించండి. గట్టిగా నొక్కితే పల్స్ ఒక్కసారి తగ్గి కళ్లు తిరగొచ్చు.

ఎండ, ఉక్క, కొండ

ఏప్రిల్ నుంచి జూన్ దాకా మన తీరం వైపు గాలిలో తేమ ఎంత ఉంటుందో చెప్పనక్కర్లేదు. బరంపురం, గోపాలపురం వైపు పొద్దున ఆరింటికే చొక్కా ఒంటికి అంటుకుపోతుంది. ఒంట్లో వేడి బయటకు పోవాలంటే చర్మానికి ఎక్కువ రక్తం వెళ్లాలి, చెమటతో నీరు పోతుంది, అందుకని గుండె అదే నడకకు ఎక్కువసార్లు కొట్టుకోవాలి. జనవరిలో 118 ఉన్న నడకే మే నెలలో 130 చూపించవచ్చు. నడక మొదట్లో 118 ఉన్నది నలభై నిమిషాల తర్వాత, వేగం పెంచకుండానే, ఇంకా పైకి పోతుంది. వాచీ చెడిపోలేదు. వేసవిలో వేగాన్ని వదిలేసి పల్స్‌ని పట్టుకోండి. పట్టీ దాటితే నెమ్మదించండి, రోజూ తిరిగే చుట్లలో ఒకటి తగ్గినా పరవాలేదు. ముందు నీళ్లు, తర్వాత ఉప్పేసిన మజ్జిగ.

కొండ సంగతి వేరు. మహేంద్రగిరి ఎత్తు 1,501 మీటర్లు. శివరాత్రికి పైకి వెళ్లేవాళ్లలో చాలామంది ఏడాదంతా చదును రోడ్డు మీదే నడిచినవాళ్లు. చదును మీద 120 దాటని పల్స్ ఏటవాలులో రెండు నిమిషాల్లో 150కి పోతుంది. దానికి కారణం గాలి పలచబడటం కాదు, మన బరువును మనమే పైకి మోసుకుపోవడం. కొరాపుట్‌లో దేవమాలి ఎక్కినా ఇంతే. అక్కడ పట్టీ మోస్తరుదే ఉంచుకుని, దానికి తగ్గట్టు అడుగు చిన్నది చేయండి. మాట తెగితే నిలబడండి, దమ్ము తీసుకోండి, మళ్లీ కదలండి. శివరాత్రికి నెల ముందు నుంచి వారానికి రెండు రోజులైనా ఏదో గుట్టో, మేడ మెట్లో ఎక్కడం అలవాటు చేసుకుంటే మంచిది. ఉపవాసంతో, రాత్రి నిద్ర లేకుండా ఎక్కేవాళ్లకు పల్స్ మరీ పైకి పోతుంది. భక్తిని కాదనను గానీ, బీపీ ఉన్నవాళ్లు ఉపవాసం-జాగారం, కొండ ఎక్కడం ఒకే రోజు పెట్టుకోకపోతే మేలు.

వాచీని ఎంతవరకు నమ్మాలి

వాచీ వెనక మెరిసే పచ్చ లైటు చర్మం కింద రక్తం ఎంత పారుతోందో చూసి పల్స్ లెక్కగడుతుంది. వదులుగా కట్టుకుంటే తప్పు చూపిస్తుంది. మణికట్టు ఎముకకు ఒక వేలు పైన, కదలకుండా బిగించండి. ఇంకో చిక్కు ఉంది: పరిగెత్తేటప్పుడు అడుగుల లయనే పల్స్ అనుకుంటుంది. నిమిషానికి 165 అడుగులు వేస్తుంటే పల్స్ కూడా కదలకుండా 165 అని చూపిస్తుంది. అనుమానం వస్తే ఆగి వేళ్లతో సరిచూడండి. ఛాతీకి కట్టే బెల్టు గుండె విద్యుత్ సంకేతాన్నే పట్టుకుంటుంది కాబట్టి అది నయం, కానీ నడకకు అంత ఖర్చు అవసరం లేదు.

చాలా వాచీల యాప్‌లో గరిష్ఠ వేగాన్ని మన చేత్తో మార్చే వీలుంటుంది. మీ అంకె అక్కడ కొట్టండి. లేకపోతే రంగుల పట్టీలన్నీ వాచీ కంపెనీ పెట్టుకున్న వయసు లెక్క ప్రకారమే వస్తాయి.

టీఎంటీ రిపోర్టు ఉందా?

శ్రీకాకుళంలోనో, విశాఖలోనో, బరంపురంలోనో ఎప్పుడైనా టీఎంటీ చేయించుకుని ఉంటే ఆ కాగితం వెతకండి. ట్రెడ్‌మిల్ మీద మూడు నిమిషాలకోసారి వేగం, వాలు పెంచుతూ ఈసీజీ తీసే పరీక్ష అది. అందులో మీరు చేరిన అత్యధిక గుండె వేగం రాసి ఉంటుంది, పక్కన శాతం కూడా ఉంటుంది. ఆ శాతం చాలాచోట్ల 220 సూత్రం మీద కట్టినదే.

పరీక్ష ఎందుకు ఆపారన్నది చూడండి. ‘టార్గెట్ చేరింది’ అని ఆపి ఉంటే అది మీ గరిష్ఠం కాదు. 85 శాతం చేరగానే ఆపేసే చోట్లున్నాయి, యాభై రెండేళ్లకు అది 143. కాళ్లు ఆడక, దమ్ము చాలక మీరే ఆపమంటే, అప్పటి అంకె మీ గరిష్ఠానికి బాగా దగ్గర. ఏ సూత్రంకన్నా అదే నయం. మాత్రలు వేసుకుని చేశారా, ఆపి చేశారా అన్నది కూడా అడిగి తెలుసుకోండి.

పరుగు కుర్రాళ్లకు మాత్రం

సెలక్షన్ కోసం 1,600 మీటర్లు సాధన చేసే ఆరోగ్యవంతులైన కుర్రాళ్లు గ్రౌండ్‌లోనే తమ గరిష్ఠం దగ్గరగా తేల్చుకోవచ్చు. నలభై దాటినవాళ్లు, బీపీ, షుగర్, సికిల్ సెల్, ఇంట్లో చిన్న వయసులో గుండెపోటు వచ్చినవాళ్లు ఉన్నవారు ఇది చేయొద్దు. కొన్ని వారాలుగా పరుగు అలవాటు ఉండాలి. చల్లటి పొద్దుట, తోడు ఒకరుండగా, ముందు రోజు కాళ్లకు విశ్రాంతి ఇచ్చి చేయండి.

పావుగంట మెల్లగా పరుగు. తర్వాత మూడు నిమిషాలు గట్టిగా, రెండు మూడు నిమిషాలు మెల్లగా, ఇలా రెండుసార్లు. మూడోసారి గట్టిగా మొదలుపెట్టి ఆఖరి అర నిమిషం ఉన్నదంతా పెట్టేయాలి. అక్కడ కనబడిన అత్యధిక అంకె రాసుకోండి. ఆగిపోయి నేల మీద కూలబడొద్దు, ఐదు నిమిషాలు నడవండి. సైకిల్ మీద చూస్తే ఇంతకన్నా కొంచెం తక్కువ వస్తుంది, కాబట్టి పరుగుకి పరుగు అంకె, సైకిల్‌కి సైకిల్ అంకె వాడాలి. జ్వరం తగ్గిన వారంలో ఈ పరీక్ష పెట్టుకోవద్దు.

ఈ కుర్రాళ్లలో నేను చూసే మామూలు పొరపాటు, రోజూ ఆఖరి ఊపిరిదాకా పరిగెత్తడం. వారంలో ఎక్కువ పరుగులు మాట వచ్చే వేగంలోనే ఉండాలి, రెండు రోజులు మాత్రం తీవ్రం పట్టీలో. అప్పుడే కాళ్లు నిలుస్తాయి.

వారానికి ఎంత, మళ్లీ లెక్క ఎప్పుడు

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పినది వారానికి 150 నుంచి 300 నిమిషాల మోస్తరు వ్యాయామం, లేదా 75 నుంచి 150 నిమిషాల తీవ్ర వ్యాయామం. రోజుకు అరగంట చొప్పున ఐదు రోజులు మోస్తరు పట్టీలో నడిస్తే కింది గీత దాటినట్టే. మొదటి రెండు వారాలు పట్టీ కింది అంచులోనే ఉండండి.

నెలకోసారి ఒకే దారిలో, ఒకే వేగంతో నడిచి, ఆగగానే పల్స్, మరుసటి నిమిషంలో పల్స్ రాసుకోండి. ఒక నిమిషంలో ఎంత పడిందో నెలనెలా పోల్చుకుంటే తేడా మీకే కనబడుతుంది. టీఎంటీలో అయితే గరిష్ఠ కష్టం తర్వాత నిమిషంలో 12 లేదా అంతకన్నా తక్కువ పడితే డాక్టర్లు దాన్ని పట్టించుకుంటారు.

విశ్రాంతి పల్స్ కొన్ని నెలల్లో తగ్గుతుంది. 84 ఉన్నాయనకు 76 అయిందంటే నిల్వ 88 నుంచి 96కి పెరిగింది, పట్టీ 114 నుంచి 133కి మారుతుంది. ఆరు నెలలకోసారి కాగితం తిరగరాస్తే చాలు. డాక్టర్ బీపీ మాత్ర మార్చిన రోజున మాత్రం ఆరు నెలలు ఆగకండి. అట్ట మీది మందు పేరు చివర ‘లాల్’ ఉందేమో చూసి, ఉంటే పాత కాగితం చింపేసి మాట-పాటకు మారిపోండి.